పైరగాలికి వల కట్టిన సాయంత్రం

గవ్వలతిప్పలో బుల్లియ్య మాట నమ్మినవాడు లేడు, వినకుండా ఉన్నవాడూ లేడు. నరసాపురం రేవు దాటి, ఉప్పుటేరు గట్టు పట్టుకుని, సముద్రం వాసన ముక్కుకు తగిలేదాకా నడిస్తే వచ్చే ఊరది. ఆ ఊరి జనానికి పొద్దున వేట, సాయంత్రం బుల్లియ్య. యెహెజ్కేలు టీ కొట్టు ముందు పాత పడవ చెక్కతో చేసిన బల్ల ఒకటుంటుంది. దాని మీద బుల్లియ్య కూర్చుని గొంతు సవరించుకున్నాడంటే, గ్లాసులో టీ చల్లారిపోయినా ఎవడూ పట్టించుకునేవాడు కాదు.

ఆయన కథల్లో పెద్దది గాలివాన కథ. పెళ్లయిన కొత్తలో ఒక గాలివాన వచ్చి, బుల్లియ్యతో సహా పడవను ఎత్తుకెళ్లి కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చోబెట్టిందట. దిగే దారి లేక బొండాలు తాగుతూ మూడు రోజులు అక్కడే ఉన్నాడట. నాలుగో రోజు గాలికే జాలేసి, పడవను తెచ్చిన చోటే దించిందట.

"తాడు కూడా అదే కట్టింది. గాలి కట్టిన ముడి మీరెవరైనా చూశారేంట్రా? కావాలంటే మా రత్తాన్ని అడగండి."

అందరూ రత్తమ్మ వైపు తిరిగేవారు. ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, నడక ఆపకుండానే తీర్పు చెప్పేసేది.

"అబద్ధం. ఆ మూడు రోజులూ ఈయన మా పుట్టింట్లో చేపల పులుసు తింటన్నాడు."

కాపురం మొదలైన దగ్గర్నుంచీ అదే వరస. ఈయన సాక్ష్యానికి పిలవడం, ఆవిడ కొట్టిపారేయడం. ఊరికి సగం నవ్వు కథకి, సగం నవ్వు సాక్ష్యానికి.

ఆ ఏడు క్రికెట్ వరల్డ్ కప్ వచ్చింది. యెహెజ్కేలు కొట్లోకి కలర్ టీవీ దిగింది. దానితో బుల్లియ్యకు కష్టకాలం మొదలైంది.

"బావా, నీకు దండం పెడతాను," అన్నాడు యెహెజ్కేలు ఒక సాయంత్రం. "ఓవరు మధ్యలో నీ సొరచేప కథ ఎందుకు? కాసేపు అవతలికెళ్లి గాలికి చెప్పుకో."

బుల్లియ్యకు రోషం వచ్చింది. కండువా దులుపుకుని లేచాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియక తుపాను షెల్టరు మెట్లెక్కాడు. ఊరి మొత్తానికి ఎత్తయిన శ్లాబు అదొక్కటే. తుపాను వస్తే ఊరంతా దాని మీదే. రానప్పుడు అది ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే చోటు. ఈ మధ్యే మూడో పని కూడా పడింది దానికి. భీమవరం కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా పనిచేసే సుప్రజ అనే అమ్మాయి పెద్ద టెలిస్కోపు ఒకటి తెచ్చి దాని మీద నిలబెట్టింది. మనిషెత్తు గొట్టం, అడుగున చాటంత అద్దం. స్టూడెంట్ల చేత నెలల తరబడి అరగదీయించిన అద్దమది. భీమవరంలో దీపాల వెలుగు ఎక్కువట, ఇక్కడ చీకటి చిక్కగా ఉంటుందట. దీనికంటే ఎంతో పెద్దది కాలేజీ వాళ్లు ఇక్కడే కట్టబోతున్నారు. ఈలోపు సముద్రపు గాలి ఇలాంటి వాటిని ఎంత అల్లరి పెడుతుందో చూడాలని ఆ అమ్మాయి వచ్చింది. ఊళ్లో వాళ్లు దానికి ఫిరంగి అని పేరు పెట్టేశారు. శ్లాబుకి ఒక పక్క రత్తమ్మ ఎండబెట్టిన సావిడాయి చేపలు, ఇంకో పక్క ఫిరంగి.

ఆ సాయంత్రం వెంట వచ్చిన స్టూడెంట్లు కూడా మ్యాచ్‌కే పోయారు. సుప్రజ ఒక్కతే ఉంది.

"రండి బుల్లియ్య గారూ, సరిగ్గా సమయానికొచ్చారు. చూస్తారా?"

తనను గారు అని పిలిచే మనిషి ఆ చుట్టుపక్కల ఈ అమ్మాయి ఒక్కతే. ఆ పిలుపుకోసమైనా ఏదైనా చూసేయాలనిపించింది ఆయనకు.

"ఏంటండీ చూసేది?"

"శనిగ్రహం అండి."

బుల్లియ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మాయిగారూ, ఆయన మనల్ని చూస్తేనే ఏడున్నరేళ్లు నలిగిపోతామండీ. ఎదురెళ్లి మరీ మనం చూడ్డమెందుకండీ?"

"ఇన్నాళ్లూ ఆయనే చూశాడు కదండీ. ఇవాళ మన వంతు," అని నవ్విందా అమ్మాయి.

ఆ మాట బుల్లియ్యకు నచ్చింది. స్టూలెక్కి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గాజుకు ఆనించాడు. అప్పుడే సముద్రం మీద గాలి కూడా ఎందుకో ఊపిరి బిగబట్టింది. కొబ్బరాకు కదల్లేదు.

నల్లటి చీకట్లో పసుపు ముత్యమొకటి. దాని చుట్టూ, ఎవరో కొలత తీసి చేయించినట్టు, సన్నటి వడ్డాణం.

బుల్లియ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. నలభై ఏళ్లలో ఆ నోటికి మాట దొరకకపోవడం అదే మొదలు. మెట్లు దిగాడో దూకాడో ఆయనకే తెలియదు. కొట్లో అడ్వర్టైజ్‌మెంట్లు వస్తున్నాయి, అదే అదను.

"ఒరే! శనికి వడ్డాణం ఉందిరా! ఈ కళ్లతో చూశాను!"

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది.

"ముక్కుకి పుడక కూడా ఉందా బావా?" అన్నాడు యెహెజ్కేలు.

"నవ్వకండ్రా. ఇది నిజం."

"నీ కథల్లో నిజం కానిదేదో చెప్పు ముందు. కొబ్బరిచెట్టు నిజం, గాలి కట్టిన ముడి నిజం..."

"ఇది ఆ నిజం కాదురా, అసలు నిజం!"

అన్నాక తనేమన్నాడో తనకే తెలిసింది. నవ్వు ఇంకా పెద్దదైంది. ఎన్నో అబద్ధాలకు పడని దెబ్బ ఒక్క నిజానికి పడేసరికి బుల్లియ్యకు కళ్లు ఎర్రబడ్డాయి.

"పందెం!" అన్నాడు.

యెహెజ్కేలు టీ గరిటె పక్కన పెట్టాడు. "సరే. రేపు ఊరంతా ఎక్కి చూస్తాం. వడ్డాణం కనబడిందా, ఈ బల్లెక్కి 'బుల్లియ్య నిజం చెప్పాడు' అని అందరూ వినేటట్టు అరుస్తాను. కనబడలేదా, ఈ బల్ల మీద నువ్వింక కథ చెప్పకూడదు. వచ్చావా, టీ తాగావా, వెళ్లావా. అంతే."

"అంతే," అన్నాడు బుల్లియ్య. ఇంటికి పోతుంటే దారి పొడుగునా పందెం సంగతే తలుచుకున్నాడు. కథ లేని బుల్లియ్య అంటే నీళ్లు లేని రేవే కదా. అయినా నిజం తన పక్కనుంది, భయమెందుకు అనుకున్నాడు. నిజంతో ఎప్పుడూ పని పడలేదు పాపం, దాని తిక్క ఆయనకేం తెలుసు?

మర్నాడు పొద్దుగుంకేసరికి పైరగాలి లేచింది. ఎండకు వాడిన ఊరంతా చొక్కా గుండీలు విప్పుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనుకునే గాలి. ఏడాది పొడుగునా బుల్లియ్య కూడా దాన్ని దీవించేవాడే. ఊరంతా షెల్టరు మెట్ల మీద వరస కట్టింది. ముందు యెహెజ్కేలు ఎక్కాడు. చూశాడు. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాడు.

"పెనం మీద కోడిగుడ్డు సొన," అన్నాడు. "పూనకమొచ్చిన కోడిగుడ్డు! అటు ఊగుతాంది, ఇటు ఊగుతాంది. వడ్డాణమేదీ?"

వరసలో వెనకాల ఉన్న పాపాయి అనే అమ్మాయి చూసింది. "నాకైతే బూరి కనబడింది పిన్నీ, నూనెలో వేగుతాంది," అంది రత్తమ్మతో.

బుల్లియ్య స్టూలెక్కి చూస్తే నిజంగానే అంతే. నిన్నటి ముత్యం ఇవాళ కుదురుగా నిలబడటం లేదు.

"దాని తప్పు కాదండీ, గాలిది," అంది సుప్రజ. గొట్టం పక్కన చెక్క మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టి ఉన్నాయి. "ఆ నీళ్లు చూడండి."

నీళ్ల మీద సన్నటి అలలు, గాలి తగిలినప్పుడల్లా బిరబిరా.

"గాలి గొట్టాన్ని తోస్తోందండి. మన కంటికి ఆ కదలిక కనబడదు. కానీ అంత దూరంలో ఉన్నదాన్ని ఇంత పెద్దగా చేసి చూస్తున్నాం కదా, వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. కొండల మీద వాకిలంత అద్దాలున్న టెలిస్కోపులు ఉంటాయండి. వాటికీ ఇదే బాధ. వెంట్రుకలో ఎన్నో వంతు కదిలినా బొమ్మ చెదిరిపోతుంది."

"గాలేగా!" అన్నాడు బుల్లియ్య. ఆయన ముఖం వెలిగింది. "ఇన్నేళ్లు గాలిని తెరచాపలో మూటగట్టుకుని బతికినవాణ్ణి. ఉండండి, దాని పని చెప్తాను."

సుప్రజ ఏదో అనబోయేలోపే ఆయన మెట్లు దిగిపోయాడు. పాకలో మూలనున్న పాత తెరచాప మోసుకొచ్చి, శ్లాబు దక్షిణం పిట్టగోడకు రెండు వెదురు గడలు బిగించి, అడ్డంగా కట్టేశాడు. పడవ మీద పుట్టి పెరిగినవాడికి గాలిని ఆపడానికి ఇంకేం గుర్తొస్తుంది? కానీ తెరచాప గాలిని ఆపడానికి పుట్టలేదు, పట్టుకోవడానికి పుట్టింది. పట్టుకుంది. నిండుచూలాలిలా పొట్ట పెంచింది. గడలు వంగాయి, పిట్టగోడ కిర్రుమంది, గుడ్డ డోలులా ఢమఢమ మోగింది. దాని పైఅంచు దాటిన గాలి సుడి తిరిగి సరిగ్గా ఫిరంగి నెత్తిన పడింది. నీళ్ల గ్లాసు ఎగిరి కింద పడింది.

"బావోయ్! షెల్టరు బయల్దేరుతోంది! లంగరెయ్యి!" అని అరిచాడు యెహెజ్కేలు.

అంతలో తాడు తెగింది. తెరచాప లేచి, ఎండు సావిడాయిల మీదా వాటిని ఏరుకుంటున్న రత్తమ్మ మీదా దుప్పటిలా పడింది. ఊరు ఊరంతా కడుపు పట్టుకుంది. బుల్లియ్య మాత్రం తలొంచుకుని నిలబడ్డాడు.

సుప్రజ రత్తమ్మను తెరచాప కిందనుంచి బయటకు లాగుతూ చెప్పింది. "గాలికి గోడ కట్టకూడదండి, దానికి కోపమొస్తుంది. అలాగని మొత్తం మూసేసి గదిలో పెట్టినా లాభం లేదు. పగలంతా ఎండకి కాగిన శ్లాబు వేడి అక్కడే నిలిచిపోయి, బొమ్మ నీళ్లలో చేపలా ఈదుతుంది. కొంచెం గాలి ఆడుతూనే ఉండాలి. ఆ కొండల మీద చిల్లుల తెరలు కడతారండి. గాలి వాటిల్లోంచి వస్తుంది, కానీ పొగరు అణిగి వస్తుంది. అలాంటి తెర నా దగ్గర లేదు. ఇంత గాలి ఉంటుందని నేననుకోలేదు."

"అంటే గాలితో కాపురం చెయ్యాలన్నమాట," అంది రత్తమ్మ, జుట్టులో చేప ముక్కలు దులుపుకుంటూ. "మొత్తం వదిలెయ్యకూడదు, మొత్తం కట్టెయ్యకూడదు."

"అంతేనండి," అంది సుప్రజ. "నేను ఆదివారం రాత్రి దాకా ఉంటాను. యెహెజ్కేలు గారూ, అప్పటిదాకా పందెం ఆపండి."

యెహెజ్కేలు గారు ఆ గారుకి మెత్తబడ్డారు. "సరేనమ్మా. ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక వస్తాను. కానీ ఒక షరతు. అప్పటిదాకా మా బావ నోరెత్తకూడదు. ఆ రోజు ఓడిపోతే ఎలాగూ మూసుకోవాలి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోనీ."

బుల్లియ్య అప్పుడే నోరు మూశాడు.

మర్నాడు పొద్దున రత్తమ్మ గంజి పోసింది. "ఉప్పు సరిపోయిందా?"

"ఊఁ."

ఆవిడ ఆగింది. మామూలు రోజైతే ఉప్పు మాటెత్తగానే, ఒకసారి సముద్రంలో ఉప్పు అయిపోయి తను బస్తా పోసొచ్చిన కథ మొదలయ్యేది. ఈవిడ అబద్ధమనేది. అక్కడితో పొద్దు గడిచేది. ఇవాళ గంజి తాగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మధ్యాహ్నం కావాలనే కదిపింది. "పక్కింటి పిల్లి మన చేప ఎత్తుకుపోయింది."

"ఊఁ."

జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. చల్లగానే ఉంది. సాయంత్రం టీ కొట్టు దాకా వెళ్లింది ఊరికే. బల్ల ఖాళీ. టీవీ మోగుతోంది గానీ చూసేవాళ్లు కూడా మధ్యమధ్యలో బల్ల వైపు చూస్తున్నారు, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు. ఇంటికొచ్చాక ఇల్లు మరీ పెద్దదైపోయినట్టుంది ఆవిడకు. ఇన్నేళ్లూ తను కొట్టిపారేసిన అబద్ధాలన్నీ ఆ ఇంటికి వాసాలని ఎవరికి తెలుసు?

ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని అటకెక్కింది. అక్కడ మూటగా పడున్నాయి రొయ్యపిల్ల వలలు. ఒకప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా మొలలోతు నీళ్లలో దిగి, దోమతెరంత సన్నటి ఆ వలలతో రొయ్యపిల్లల్ని పట్టి చెరువుల వాళ్లకు అమ్మేవాళ్లు. రొయ్యపిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీలు వచ్చాక వాటి మొహం చూసినవాళ్లు లేరు. దుమ్ము దులిపి మొగుడి ముందు పడేసింది.

"చిల్లుల తెర కావాలంది కదా ఆ అమ్మాయి. వీటినిండా ఉన్నవి చిల్లులే. లే."

బుల్లియ్య కదల్లేదు. తెరచాపతో నవ్వులపాలైన సిగ్గు ఇంకా మెడ మీదే ఉంది.

"లేవయ్యా! నీ అబద్ధాలు భరించలేక చచ్చాను ఇన్నాళ్లూ. నీ మౌనం అంతకన్నా భరించలేను."

ఆయన లేచాడు. చెరో మూటా ఎత్తుకుని మెట్లెక్కారు. సుప్రజ వల అంచు పట్టుకుని వెలుతురుకేసి పెట్టి చూసింది. వాసన చూడకుండా ఉంటే ఇంకా బాగుండేది.

"రత్తమ్మ గారూ, ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదండీ!" అని గట్టిగా నవ్వేసింది. "రోజూ వలల మధ్యలోంచే నడిచొస్తున్నాను."

పొద్దు వాలే వేళకు గడలు నిలబెట్టి ఒక వల కట్టారు. బుల్లియ్యకు మాట్లాడే హక్కు లేదు గనక చేతులతో, కనుబొమ్మలతో, ఒకసారి కాలితో కూడా ఆజ్ఞలిచ్చాడు. పైరగాలి వచ్చింది. వల కాస్త ఉబ్బింది గానీ తెరచాపలా కొట్టుకోలేదు. గ్లాసులో నీళ్లు సద్దుమణిగాయి, పూర్తిగా కాదు.

"ఇంకొకటి కడదామా?" అంది సుప్రజ.

జానెడు ఎడం వదిలి దాని వెనక రెండో వల కట్టారు. ముగ్గురూ గ్లాసు చుట్టూ చేరి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశారు. నీళ్ల మీద ఒక అల వచ్చింది. ఇంకోటి రాబోయి ఊరుకుంది. నీళ్లలో ఆకాశం కనబడింది. మెడ మీద మాత్రం గాలి చల్లగా తగులుతూనే ఉంది.

ప్రార్థన అయ్యాక యెహెజ్కేలు ఇస్త్రీ చొక్కాతో, వెనక ఊరితో వచ్చాడు. "ఇవాళ గాలికి వలేశావా బావా? ఎన్ని పడ్డాయి?"

బుల్లియ్య స్టూలు వైపు చెయ్యి చూపించాడు.

యెహెజ్కేలు స్టూలెక్కాడు. అప్పుడే, పగబట్టినట్టు, సముద్రం మీద నుంచి పెద్ద విసురు వచ్చింది. గడలు ఊగాయి. వలలు రెండూ వెనక్కి వంగాయి. "మళ్లీ కోడిగుడ్డే," అన్నాడు యెహెజ్కేలు. బుల్లియ్య కళ్లు మూసుకున్నాడు.

"దిగొద్దండీ," అంది సుప్రజ. "ఒక్క నిమిషం ఆగండి."

విసురు పోయింది. వలలు మెల్లగా మళ్లీ నిటారుగా నిలిచాయి. సుప్రజ గొట్టాన్ని వేలితో కాస్త జరిపి చెయ్యి తీసేసింది. యెహెజ్కేలు చూస్తూనే ఉన్నాడు.

"అబద్ధం," అన్నాడాయన, కన్ను తీయకుండానే.

బుల్లియ్య మెట్ల వైపు ఒక అడుగు వేశాడు.

"నువ్వు చెప్పింది అబద్ధం బావా. వడ్డాణమైతే ఒంటికి తగులుతాది. ఇది ఎక్కడా తగల్లేదు. మధ్యన చీకటి సందుంది. దేన్నీ పట్టుకోకుండా నిలబడింది!" అంటూ ఇటు తిరిగాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, గాలికేనని తర్వాత చెప్పుకున్నాడు. "ఇంత ఉంటే అంతే చెప్పావేంట్రా?"

ఆపైన స్టూలుకు తీరిక లేదు. పాపాయి రెండుసార్లు ఎక్కింది, మూడోసారి దించేశారు. ఏలినాటి శనిలో ఉన్న ఒకాయన చూసి, "ఇంత అందగాడా నన్ను పీడిస్తన్నది!" అని చేతులు జోడించాడు. చివర్న రత్తమ్మ ఎక్కింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో, స్టూలు ఇంకో చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏంటత్తా, ఉందా?" అన్నారు కింద నుంచి.

"ఈయన నా దగ్గర తగ్గించి చెప్పింది ఇదొక్కటే," అందావిడ.

ఆ చీకట్లోనే ఊరంతా టీ కొట్టుకు తరలింది. టీవీ ఎవరో ఆపేశారు. యెహెజ్కేలు మాట తప్పే మనిషి కాదు. చెప్పులు విప్పి, బల్లెక్కి, "బుల్లియ్య నిజం చెప్పాడు!" అని ఉప్పుటేరు అవతలకి వినబడేలా అరిచాడు. దిగి, కండువాతో బల్ల తుడిచి, "కూర్చో బావా, టీ తాగి నోరు విప్పు. మూడు రోజుల్నుంచీ ఊరికి జీర్ణం కావట్లేదు," అన్నాడు.

సుప్రజ కూడా అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడింది. కాలేజీ వాళ్లు కట్టబోయే పెద్దదానికి తెరలు ఇక్కడే అల్లించాలని, వల చిల్లు ఎంత సన్నగా ఉండాలి, ఎన్ని వరసలు కట్టాలన్నది రత్తమ్మ గారే వచ్చి చూడాలని అంటోంది. "వాసన లేనివి కావాలండీ," అని రత్తమ్మ చెవిలో చెప్పింది.

బుల్లియ్య కూర్చున్నాడు. అరచేత్తో బల్లను నిమిరాడు. గొంతు సవరించుకున్నాడు. టీ గ్లాసులన్నీ గాల్లో ఆగాయి.

"మధ్యన చీకటి సందుంది అన్నాడు కదా మా బావ. ఆ సందు నాకు కొత్త కాదురా. పెళ్లయిన కొత్తలో వచ్చిన గాలివాన కొబ్బరిచెట్టు దగ్గర ఆగిందని ఇన్నాళ్లూ చెప్పాను. మీరు నమ్మరని అక్కడికి ఆపాను. అసలు ఆగలేదు. చెట్టు మీదనుంచి ఇంకా పైకి ఎత్తింది. పోయి పోయి పడవ ఆ సందులోకి దూరింది. చుట్టూ బంగారు ఇసక, అంచుదాకా పోయి లంగరేశాను. కావాలంటే మా రత్తాన్ని అడగండి."

అందరూ రత్తమ్మ వైపు తిరిగారు.

ఆవిడ ఇవాళ నడిచిపోవడం లేదు, అక్కడే మట్టి మీద చతికిలబడి ఉంది. కొంగు నడుముకు చెక్కుకుంది. ఒకసారి పైకి చూసింది, ఒకసారి మొగుడి వైపు చూసింది.

"ఆఁ, వెళ్లాడు. వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చాడు," అంది. "గుప్పెడు ఇసకైనా తేలేదు."